బొరుసు లేని నాణెం

లోహగాథలు

గత సంచికలో ఇత్తడి బిందెను గురించి మేము వ్రాసిన వ్యాసానికి మన ఉద్యోగుల గృహాల నుండి కొన్ని ఉత్తరాలు అందాయి. కొలిమి వద్ద పనిచేసే మిత్రులు రాగి, తుత్తునాగాల పాళ్ళను గురించి అడిగారు. గృహిణులు చింతపండుతో తోమితే వచ్చే మెరుగును గురించి వ్రాశారు. ఏడవ తరగతి చదువుతున్న ఒక చిన్నారి మాత్రం ఒకే ఒక వాక్యం వ్రాసి పంపింది: "రూపాయి బిళ్ళకు బొమ్మ ఒక్కటి చాలదా, బొరుసు కూడా ఎందుకు?"

చదివి మొదట నవ్వుకున్నాము. తరువాత ఆ నవ్వు నిలువలేదు. ఇంచుమించు ఇదే ప్రశ్నను సుమారు 30 సంవత్సరాల క్రితం, ఈ రాయ్‌పూర్ ప్రాంతంలోనే, మట్టి మోసే ఒక కూలి స్త్రీ మమ్మల్ని అడిగింది. అప్పుడు మేము ఎంతో ధీమాగా ఒక సమాధానం చెప్పాము. అది తప్పు సమాధానం. ఆ తప్పును ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పుకోలేదు. చిన్నారి ఉత్తరం పుణ్యమా అని ఈ నెల చెప్పుకుంటున్నాము.

కందకంలో దొరికిన రేకులు

అప్పటికి మేము చదువు ముగించుకుని వృత్తిలో ప్రవేశించి రెండు మూడేళ్ళయింది. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఇంకా ఏర్పడలేదు. అది అవతరించినది 2000 నవంబరు 1వ తేదీన. రాయ్‌పూర్ నాడు మధ్యప్రదేశ్‌లోని నగరం. మహానదికి చేరువలో ఒక పల్లె పొలిమేరన నీటి గొట్టాల కోసం కందకం త్రవ్వుతున్నారు. పని ఒక గుత్తేదారుది. జరిగిన పనిని కొలిచి కొలతల పుస్తకంలో ఎక్కించడం మా బాధ్యత.

ఒకనాటి మధ్యాహ్నం, భోజనాల వేళ, ఒక స్త్రీ కొంగుముడి విప్పుతూ మా వద్దకు వచ్చింది. గడ్డపార తగిలి పగిలిన చిన్న కుండ పెంకుల నడుమ దొరికాయని ఏడో ఎనిమిదో పసుపుపచ్చని రేకు బిళ్ళలను మా అరచేతిలో పోసింది. అరచేతిలో ఉన్నాయన్న బరువే తెలియలేదు. "సాహెబ్, ఇవి పైసలేనా?" అని అడిగింది.

ఒకదానిని బొటనవ్రేలితో తుడిచి చూశాము. పైభాగాన రెక్కలు చాచి నిలిచిన పక్షి. దానికి ఇరుప్రక్కలా ఏవో చిహ్నాలు. పక్షి పాదాల క్రింద ఒక అడ్డగీత, గీత క్రింద ఒక వరుస అక్షరాలు. ఒక్కొక్క అక్షరం తలపై చిన్న పెట్టెను మోస్తున్నట్లుగా ఉన్నది. వెనుకకు త్రిప్పితే అదే పక్షి, అవే అక్షరాలు గుంటలుగా, తిరగబడి కనిపించాయి. వేరే ముద్ర ఏదీ లేదు.

మాకు తెలిసిన విద్యనంతా ఆ ఒక్క క్షణంలో ప్రదర్శించాము. "నాణేనికి బొమ్మా బొరుసూ రెండూ ఉండాలమ్మా. వీటికి బొరుసు లేదు. ఇంత పలుచని రేకు నాలుగు చేతులు మారితే నలిగిపోతుంది. ఇవి ఏ హారానికో కుట్టిన బిళ్ళలై ఉంటాయి, పైసలు కావు" అని తేల్చిచెప్పాము. ప్రక్కనే నిలబడి ఉన్న గుత్తేదారు మనిషికి ఆ మాట చాలింది. "ఇంజనీరు గారే సెలవిచ్చారు, పాత నగల ముక్కలని" అంటూ వాటిని చేతిరుమాలులో మూటగట్టుకున్నాడు. సాయంకాలానికి అవి కంసాలి మూసలో కరిగిపోయాయని మరునాడు తెలిసింది. ఆమెకు ఒక చీర ఇప్పించారట.

ఆనాటి కొలతల పుస్తకంలో కందకం పొడవు, వెడల్పు, లోతు అన్నీ పొల్లుపోకుండా ఎక్కించాము. ఆ రేకులను గురించి మాత్రం ఒక్క పంక్తి వ్రాయలేదు.

గ్రంథంలో కనిపించిన పక్షి

చాలా ఏళ్ళ తరువాత, పిల్లలకు వేసవి సెలవులు కావడంతో, రాయ్‌పూర్‌లోని మహంత్ ఘాసీదాస్ స్మారక సంగ్రహాలయానికి సకుటుంబంగా వెళ్ళాము. రాజనందగావ్ సంస్థానాధిపతి మహంత్ ఘాసీదాస్ 1875లో నెలకొల్పిన సంస్థ అది. ఇప్పటి భవనాన్ని 1953లో నాటి రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. అక్కడ శిలాశాసనాలను చూస్తూండగా, తలపై పెట్టెలు మోసే అక్షరాలు మళ్ళీ మా కంటబడ్డాయి. దానిని పేటికాశీర్ష లిపి అంటారని అక్కడే తెలుసుకున్నాము. ఆ పేరు పట్టుకుని తరువాత గ్రంథాలయంలో నాణేల గ్రంథం ఒకటి తెరిచాము. ఒక పుటలో ఆ పక్షి, రెక్కలు చాచుకుని, మమ్మల్ని చూస్తూ నిలబడి ఉన్నది.

అది గరుత్మంతుడు. ఇరుప్రక్కలా ఉన్నవి శంఖచక్రాది చిహ్నాలు. గీత క్రింద ఉన్నది రాజు పేరు. అవి దక్షిణ కోసలపు బంగారు నాణేలు.

దక్షిణ కోసలమనగా స్థూలంగా నేటి ఛత్తీస్‌గఢ్, దానిని ఆనుకుని ఉన్న పశ్చిమ ఒడిశా. క్రీ.శ. 5, 6 శతాబ్దాలలో ఈ సీమను శరభపురీయులనే రాజవంశం పాలించింది. వారి తొలి రాజధాని శరభపురం. తరువాత ప్రవరరాజు కాలానికి మహానది ఒడ్డున ఉన్న శ్రీపురం రాజధాని అయింది. మనవారు విహారయాత్రకు వెళ్ళి ఇటుకల లక్ష్మణాలయం ముందు ఛాయాచిత్రాలు తీయించుకునే సిర్పూరే ఆ శ్రీపురం. ఈ రాజుల తామ్రశాసనాలు ఆరంగ్‌లోనూ, రాయ్‌పూర్‌లోనూ, మరికొన్ని చోట్లా లభించాయి. వారిలో ప్రసన్నమాత్రుడు తన పేరుతో బంగారు నాణేలు వేయించాడు.

అదే తరహాలో మహేంద్రాదిత్యుడు, క్రమాదిత్యుడు అనే పేర్లతో కూడా నాణేలున్నాయి. అప్పటి రాయ్‌పూర్ జిల్లాలోని ఖైరతాల్ గ్రామంలో మహేంద్రాదిత్యుని నాణేలు 54 దొరికాయి. పితైబంధ్ గ్రామంలో దొరికిన 49 నాణేలలో 46 మహేంద్రాదిత్యునివి, 3 క్రమాదిత్యునివి. గుప్త చక్రవర్తులలో కుమారగుప్తునికి మహేంద్రాదిత్యుడనీ, స్కందగుప్తునికి క్రమాదిత్యుడనీ బిరుదులు ఉండినందువల్ల ఈ నాణేలు వారివేనని కొందరు పండితులు భావించారు. కాదు, స్థానిక ప్రభువులవని మరికొందరు వాదించారు. ఆ చర్చ ఇంకా ముగియలేదు.

ఇటువంటివే బస్తరులోనూ ఉన్నాయి. 1939లో కొండగావ్ ప్రాంతంలోని ఎడెంగా గ్రామంలో నలవంశపు రాజులైన వరాహరాజు, భవదత్తుడు, అర్థపతి వేయించిన 32 బంగారు నాణేలు బయటపడ్డాయి. వాటి మీద గరుడునికి బదులు నంది, నెలవంక ఉంటాయి. తయారీ మాత్రం ఒకటే. వాటికీ బొరుసు లేదు.

ఎంత పలుచన?

పాఠకులలో ఇంజనీర్లున్నారు గనుక ఒక చిన్న లెక్క వేద్దాము. మహేంద్రాదిత్యుని నాణెం బరువు సుమారు 1.2 గ్రాములు, వ్యాసం దాదాపు 2 సెంటీమీటర్లు. ఆ వృత్తపు వైశాల్యం 3.14 చదరపు సెంటీమీటర్లు. మేలిమి బంగారం సాంద్రత ఘన సెంటీమీటరుకు 19.3 గ్రాములు. 1.2ను 19.3తో భాగించి, వచ్చిన దానిని 3.14తో భాగిస్తే మందం 0.02 సెంటీమీటరు, అనగా 0.2 మిల్లీమీటరు అవుతుంది. బంగారం మేలిమి కాకపోతే ఇంకొక వీసమెత్తు హెచ్చు. మనం పంపుకునే శుభలేఖ అట్ట కూడా ఇంచుమించు ఇంతే మందం ఉంటుంది.

మరి అంత పలుచని రేకు చేతిలో నలిగిపోదా? ఆనాడు మేము చేసిన వాదం ఇదే. ఆ వాదంలో లోపం ఎక్కడున్నదో ఒక ఇంజనీరుకు అప్పుడే తట్టి ఉండవలసింది. మన కర్మాగారపు షెడ్డు పైకప్పును చూడండి. చదునైన రేకును ఆ ఎత్తున పరిస్తే తన బరువుకే క్రుంగిపోతుంది. అదే రేకుకు అలలు అలలుగా మడతలు పెడితే మనిషి నడిచినా మోస్తుంది. లోహం పెరగలేదు, ఆకృతి మారింది, దానితో వంగుడును తట్టుకునే శక్తి పెరిగింది. నాణెం మీద గరుడుని రెక్కలు, అడ్డగీత, ఉబ్బెత్తు అక్షరాలు, అంచు చుట్టూ పొంగిన వలయం, ఇవన్నీ ఆ రేకుకు మడతలవంటివే. ఆ బొమ్మ అలంకారమే కాక అస్థిపంజరం కూడా.

ఒక అచ్చు, ఒక మెత్తని దిండు

మామూలు నాణేన్ని కొట్టడానికి రెండు అచ్చులు కావాలి. క్రింది అచ్చును దాగలిలో బిగించి, దానిపై లోహపు బిళ్ళను ఉంచి, పై అచ్చును నిలబెట్టి పెద్ద సుత్తితో మోదాలి. సుత్తి దెబ్బ నేరుగా తగిలే పై అచ్చు ముందుగా అరిగిపోతుంది, పగిలిపోతుంది. రెండు అచ్చులు చెక్కాలి, మాటిమాటికి మార్చాలి.

ఒకవైపు నాణేనికి ఒక్క అచ్చు చాలు. కాల్చి చల్లార్చి మెత్తబరచిన బంగారపు రేకును అచ్చుకు ఆనించి, రెండవ వైపు నుండి మెత్తని వస్తువుతో నొక్కుతారు. మైనం, లక్క, తోలు, కొయ్య, ఇలా పనికి తగినది. రేకు అచ్చులోని ప్రతి గుంటలోకీ దిగిపోయి బొమ్మను పట్టుకుంటుంది. మన కంసాలులు లక్క దిమ్మెపై రేకు పరచి నకాసీ పని చేయడం చూసినవారికి ఇది కొత్త కాదు. మన కర్మాగారాలలో ఒక ఉక్కు అచ్చు, రెండవ వైపు రబ్బరు దిండు పెట్టి పలుచని రేకులను ఒత్తే పద్ధతి ఉన్నదని ప్రెస్ షాపు మిత్రులకు తెలుసు. పదిహేను వందల ఏళ్ళ క్రితం మహానది ఒడ్డున పనివారు పాటించిన సూత్రం దానికి దగ్గరి చుట్టమే.

పిల్లలు ఇంట్లో చేసి చూడవచ్చును. రొట్టెలు చుట్టే అల్యూమినియం రేకును అరచేతి వెడల్పున కత్తిరించి, ఐదు రూపాయల బిళ్ళపై పరచి, పెన్సిలు వెనుక ఉన్న రబ్బరుతో మెల్లగా రుద్దండి. రేకు మీద మూడు సింహాలు లేచి నిలుస్తాయి. రేకును తీసి వెనుకకు త్రిప్పితే అవే సింహాలు గుంటలుగా కనిపిస్తాయి. ఇప్పుడు ఆ రేకును, చదునైన మరొక రేకు ముక్కను చెరొక చేత్తో పట్టుకుని ఊపి చూడండి. ఏది ముందుగా వాలిపోతుందో మీకే తెలుస్తుంది.

వెండి రేకుల దేశం

ఇటువంటి నాణెం మన దేశంలోనే పుట్టి ఇక్కడే ఆగిపోలేదు. ఇక్కడి నుండి అక్కడికి ప్రాకినదనీ చెప్పలేము. శరభపురీయుల తరువాత ఆరు శతాబ్దాలకు, క్రీ.శ. 12వ శతాబ్దంలో, మధ్య ఐరోపాలో టంకశాలలు వెండి రేకులపై ఒకవైపు మాత్రమే ముద్రించిన నాణేలను కుప్పతెప్పలుగా వెలువరించాయి. లాటిన్ భాషలో పలుచని రేకుకు బ్రాక్టియా అని పేరు. ఆ నాణేలను బ్రాక్టియేట్లు అంటారు. జర్మన్ సీమలలో బాగా వెడల్పైనవీ ఉన్నాయి. 3 సెంటీమీటర్ల వ్యాసం, 0.8 గ్రాము బరువు ఉన్న వెండి బ్రాక్టియేటుకు మన పై లెక్కే వేస్తే మందం 0.1 మిల్లీమీటరు వస్తుంది. మన గరుడ నాణెంలో అది సగం.

హంగరీ దేశపు కథ ఇంకా ఆసక్తికరం. అక్కడ తొలి రాజైన స్టీఫెన్ (పాలన 1000–1038) రెండు వైపులా ముద్ర ఉన్న చక్కని వెండి దీనారాలతో నాణేల చరిత్రను ప్రారంభించాడు. తరువాతి శతాబ్దంలో ఆ దీనారాలు చిక్కి చిక్కి చిన్న పొలుసులవంటివయ్యాయి. 12వ శతాబ్దం చివర, 13వ శతాబ్దంలోనూ అక్కడ కూడా ఒకవైపు ముద్ర గల చిన్న వెండి రేకులు వెలువడ్డాయి.

ఎందుకింత పలుచన? లోహం కొరత ఒక్కటే కారణం కాదు. ఆ సీమలలో పాత నాణేలను ఏటేటా రద్దుచేసి కొత్తవి ఇచ్చే ఆచారం ఉండేది. జర్మన్ సీమలలో 12 పాతవి తెచ్చిన వానికి 9 కొత్తవి ఇచ్చేవారు. మిగిలిన మూడూ ప్రభువు ఖజానాకు. అనగా చేతిలోని రొక్కం మీద ఏటా నాలుగవ వంతు పన్ను. మాగ్డెబర్గ్ ప్రధాన మతాచార్యుడు వీష్‌మాన్ ఏడాదికి రెండుసార్లు మార్పించేవాడు. ఏడాదిలోగా కరిగిపోవలసిన నాణేనికి దృఢత్వం దేనికి? ఒక్క అచ్చుతో, తేలిక దెబ్బతో త్వరగా వేలకు వేలు ఒత్తగలిగితే చాలు. ఆ ఆయుర్దాయానికి సరిపడే రూపకల్పనే అది.

ప్రజలు దీనిని మౌనంగా భరించలేదు. 1222లో హంగరీ రాజు రెండవ ఆండ్రూ ప్రభువర్గపు ఒత్తిడికి తలయొగ్గి ప్రకటించిన స్వర్ణముద్రాశాసనంలో నాణేలకు ప్రత్యేకంగా ఒక అధికరణం ఉన్నది. కొత్త నాణెం ఒక ఈస్టరు పండుగ నుండి మరొక ఈస్టరు వరకు, సంవత్సర కాలం చెల్లాలనీ, దీనారాలు బేలా రాజు కాలం నాటివలె ఉండాలనీ దాని సారాంశం. హక్కుల పత్రంలో నాణెం నాణ్యతకు చోటు కల్పించారంటే సామాన్యుని చేతిలోని వెండి రేకు ఎంత పెద్ద విషయమో గ్రహించవచ్చు. తరువాత ఛార్లెస్ రాబర్ట్ రాజు కాలంలో, 1325 నుండి, హంగరీ గనుల బంగారంతో ఫ్లోరిన్లు వెలువడి ఆ దేశపు నాణెం నిలదొక్కుకున్నది.

ఇది చదివినప్పుడు మా పాత వాదం మొదలంటా కూలిపోయింది. బొరుసు లేకపోయినా, రేకు పలుచనైనా, రాజముద్ర ఉండి జనం ఒప్పుకుంటే అది పైసే.

దక్షిణ కోసలపు నాణేల విషయంలోనూ పండితులలో ఈ సందేహం ఉన్నది. ఇంత సుకుమారమైనవి నిజంగా చేతులు మారాయా, లేక దానధర్మాలకు, ఉత్సవాలకు ఉద్దేశించినవా అని. ఐతే రాజు పేరు ఉన్నది, బరువులు ఒక క్రమంలో ఉన్నాయి, ఎడెంగాలో పెద్దవీ చిన్నవీ రెండు తరగతులు దొరికాయి. పెద్ద నోటు, చిల్లర అన్న తేడా కేవలం నగకు అక్కరలేదు కదా. విలువైన ఇచ్చిపుచ్చుకోళ్ళకు ఇవి వాడబడి ఉంటాయనీ, రోజువారీ బేరాలకు గవ్వలూ ధాన్యమూ చాలి ఉంటాయనీ మాకు తోస్తుంది.

రాజరాజు వరాహం

తెలుగు పాఠకులు ఒక మాట అడుగుతారని తెలుసు: మన రాజులు ఇటువంటివి వేయించలేదా? వేయించారు.

హంగరీలో స్టీఫెన్ సింహాసనం ఎక్కిన కాలానికే వేంగిలో తూర్పు చాళుక్య ప్రభువు మొదటి శక్తివర్మ రాజ్యానికి వచ్చాడు. చాళుక్యచంద్రుడని అతని బిరుదు. అతని తరువాతి తరంవాడు రాజరాజనరేంద్రుడు. నన్నయభట్టుచే మహాభారతాన్ని తెనిగింపజేసిన రాజమహేంద్రవరపు ప్రభువు. వీరిరువురి బంగారు నాణేలూ పలుచని, వెడల్పాటి రేకులే. బరువు 4 గ్రాములకు కొంచెం పైన, వ్యాసం మూడున్నర సెంటీమీటర్లకు తగ్గదు. లెక్క వేస్తే మందం మళ్ళీ 0.2 మిల్లీమీటరుకు అటూ ఇటూగానే వస్తుంది.

పద్ధతి మాత్రం వేరు. ఇక్కడ రేకంతటికీ ఒకే అచ్చు లేదు. నడుమ చాళుక్యుల లాంఛనమైన వరాహాన్ని ఒక ముద్రతోనూ, చుట్టూ రాజు పేరులోని ఒక్కొక్క అక్షరాన్ని విడివిడి ముద్రలతోనూ కొట్టారు. పాలనా సంవత్సరాన్ని తెలిపే అంకె కూడా ఉంటుంది. మన దుకాణాలలో యంత్రభాగాల మీద అంకెల ఉలులతో సంఖ్యలు కొట్టే మిత్రులు ఈ పనితనాన్ని వెంటనే గుర్తుపడతారు. ఈ నాణేలు గోదావరి తీరాన ధవళేశ్వరంలో దొరికాయి. బర్మాలోని అరకాన్ తీరాన చెదూబా దీవిలోనూ, సయాం దేశంలోనూ కూడా దొరికాయి. గోదావరి రేవుల నుండి ఓడనెక్కి సముద్రం దాటిన రేకులను "పైసలు కావు" అనడానికి ఎవరికి నోరు వస్తుంది?

కరిగినది బంగారం కాదు

ఆనాడు మా అరచేతిలో ఉన్నవి మహేంద్రాదిత్యుని నాణేలేనా? గట్టిగా చెప్పలేము. ఛాయాచిత్రం లేదు, కొలత లేదు, ఒక్కటైనా మిగలలేదు. పక్షి, గీత, పెట్టెల అక్షరాలు, మా జ్ఞాపకం, ఇంతే సాక్ష్యం. ఆ అక్షరాలలో తెలియని మరొక రాజు పేరు ఉండి ఉంటే? కుమారగుప్తుడా, స్థానిక ప్రభువా అన్న తగవును తీర్చే ఆధారం ఆ కుండలో ఉండి ఉంటే? అన్నీ కలిపి పది గ్రాముల బంగారం కూడా కాదు. కంసాలి మూసకు అది పది గ్రాములే. ఒక కుండ, ఒక లోతు, ఒక స్థలం, పక్కపక్కన పడి ఉన్న ఏడెనిమిది పేర్లు, వీటన్నిటినీ కలిపి చదివితేనే చరిత్ర అవుతుంది. విడదీసినా కరిగించినా మళ్ళీ చేర్చలేము.

రెండవ నష్టం ఇంకా దగ్గరిది. ఆ స్త్రీకి న్యాయంగా రావలసినది చీర కాదు. మన దేశంలో 1878 నాటి నిక్షేపాల చట్టం ఒకటి ఉన్నది. నేలలో దాగి ఉన్న విలువైన వస్తువు 10 రూపాయలకు మించినది దొరికితే, దొరికినవారు ఆ వస్తువు వివరం, దొరికిన చోటు, తేదీ తెలుపుతూ వీలైనంత త్వరగా జిల్లా కలెక్టరుకు వ్రాతపూర్వకంగా తెలియజేయాలి. వస్తువును సమీప ప్రభుత్వ ఖజానాలో అప్పగించాలి, లేదా కోరినప్పుడు హాజరుపరచేందుకు తగిన పూచీ ఇవ్వాలి. విచారణ జరిపి అది యజమాని లేని నిక్షేపమని తేలితే, స్థలం యజమాని కూడా హక్కు కోరినప్పుడు, వేరే ఒప్పందం ఏదీ లేనట్లయితే, నాలుగింట మూడు వంతులు దొరికినవారికి, ఒక వంతు స్థలం యజమానికి. ప్రభుత్వం దానిని తీసుకోదలిస్తే లోహపు విలువకు ఐదవ వంతు చేర్చి చెల్లిస్తుంది. తెలియజేయకుండా దాచినవారు తమ వాటాను కోల్పోతారు, శిక్షకూ పాత్రులవుతారు.

లంకెబిందెల కథలు వింటూ పెరిగినవాళ్ళం మనం. దొరికితే గుట్టుగా ఉంచుకోవాలన్నదే ఆ కథలన్నిటి నీతి. చట్టం చెప్పే నీతి దానికి సరిగ్గా వ్యతిరేకం: బయటపెట్టినవారికే భాగం. ఆనాడు మాకు ఈ చట్టం తెలియదు. తెలియకపోవడం తప్పు కాకపోవచ్చు. తెలియని విషయంలో తెలిసినట్లు తీర్పు చెప్పడం తప్పు. మా తలమీది టోపీని, చేతిలోని పుస్తకాన్ని చూసి ఆమె మా మాటను నమ్మింది. "నాకు తెలియదమ్మా, తెలిసినవారిని అడుగుదాము" అన్న ఒక్క వాక్యం చాలి ఉండేది.

మన మిత్రులలో అనేకులు నేటికీ పునాదులు, కాలువలు, కందకాలు త్రవ్వించే విధులలో ఉన్నారు. మన పిల్లలు కొందరు ఇప్పుడిప్పుడే ఆ వృత్తిలో అడుగుపెడుతున్నారు. వారికి మా వినతి ఇది. పార తగిలి కుండ పగిలినా, గుర్తులున్న రేకు గాని బిళ్ళ గాని కనిపించినా, అక్కడ పని కాసేపు ఆపించండి. వస్తువును తోమవద్దు, వంగినదానిని సరిచేయవద్దు, నిమ్మరసంతో మెరుగు పెట్టవద్దు. దొరికిన లోతును, చోటును కొలిచి వ్రాయండి. ఆ పని మనకు వచ్చినదే. చేతిలోని ఫోనుతో రెండు వైపులా ఛాయాచిత్రం తీయండి. దొరికిన మనిషి పేరును మొదటి పంక్తిలో వ్రాయండి. తరువాత కలెక్టరు కార్యాలయానికి తెలియజేయండి.

ఇక చిన్నారికి సమాధానం. అమ్మా, బొమ్మ ఒక్కటి చాలు. మహానది ఒడ్డునా, గోదావరి ఒడ్డునా, ఎక్కడో హంగరీలోనూ మనుషులు బొరుసు లేని నాణేలతో బ్రతుకు సాగించారు. రెండవ వైపున కూడా ముద్ర ఉంటే విలువ, సంవత్సరం వ్రాసుకోవడానికి చోటు దొరుకుతుంది, దొంగ నాణెం చేయడం కష్టమవుతుంది, మందపు బిళ్ళ పది కాలాలపాటు నిలుస్తుంది. అందుకే నీ రూపాయికి రెండూ ఉన్నాయి. ఈ ప్రశ్న నీకన్నా ముందు అడిగినామె ఒకరున్నారు. ఆమె ఇప్పుడెక్కడ ఉన్నదో మాకు తెలియదు. నీకు చెప్పిన ఈ సమాధానం ఆమెకు ఇవ్వవలసిన బాకీ.

వచ్చే సంచికలో తాళం కప్పలను గురించి ముచ్చటించుకుందాము. మీ ఇళ్ళలో పాతకాలపు తాళాలు, పెద్ద తాళపుచెవులు ఉంటే వాటి బొమ్మలు గీసి పంపవలసినదిగా పిల్లలను కోరుతున్నాము.